మామ ఊడ్చిన అడవి

ఎమ్మిగనూరు,
18 జూన్ 2025

మామకు నమస్కారాలతో గాయత్రి రాస్తున్నది.

నిన్న ఫోన్‌లో నువ్వు అరిచావు, నేను ఏడ్చాను. కమలత్త ఫోను లాక్కుని, "ఇంగ మీ ఇద్దరూ ఫోన్లో మాట్లాడొద్దండి. ఏముంటే కాగితమ్మీద రాసుకోండి. రాసేటప్పుడన్నా నోరు మూసుకోని ఉంటారు" అని పెట్టేసింది. అత్త మాట కాదనే ధైర్యం మీ ఇంట్లోనూ లేదు, మిల్లులోనూ లేదు కాబట్టి రాస్తున్నాను. మీ గుమాస్తా రంగన్న రోజూ ఇక్కడి నుంచే ఆదోనికి వస్తాడు కదా, ఆయన చేతికే ఇస్తున్నాను.

అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను. మా మున్సిపల్ బడిలో ఏడో తరగతికి అడవి పాఠం నేనే చెప్పాలి. అడవి ఎక్కడుంటుందని అడిగితే పల్లవి అనే పిల్ల లేచి, "టీవీలో ఉంటాది మేడమ్" అంది. దాని తప్పేముంది? ఎమ్మిగనూరులో మగ్గాలున్నాయి, ఆదోనిలో మిల్లులున్నాయి, మధ్యలో పత్తి చేలున్నాయి. నల్లమల దాకా తీసుకుపోతానంటే తల్లిదండ్రులు పంపరు. కానీ మీ పత్తి జిన్నింగు మిల్లు వెనక స్థలాన్ని నా చిన్నప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. వేపలు, సీతాఫలాలు, రేగు, సర్కారు తుమ్మకంప, తొండలు, ముంగిసలు, అన్నీ ఉన్నాయి. మా పిల్లలకు అంతకంటే దగ్గరి అడవి లేదు.

దాన్ని జేసీబీతో చదును చేసి గోడౌను కడతానంటున్నావు. కట్టొద్దు మామా. అడవి ఎలా బతుకుతుందో, దాన్ని ఎలా చూసుకోవాలో, అంటే అడవి నిర్వహణ కూడా, అక్కడే నేర్పిస్తాను. నేను పిల్లలకు మాట ఇచ్చేశాను. నిన్ను అడక్కుండా ఇచ్చానని మళ్ళీ అరవకు.

నీ మేనకోడలు,
గాయత్రి


ఆదోని,
22 జూన్ 2025

గాయత్రికి మామ మల్లికార్జునయ్య ఆశీస్సులు.

నేను అరవలేదు. జిన్నింగు మిషన్ల చప్పుడులో బతికినవాడి మామూలు గొంతే అది.

గోడౌను నాకు సరదా కాదు. పోయిన ఏడు అకాల వానకు బయట పోసిన పత్తి తడిసి నల్లబడింది. మా ఆకాష్ మొహం చూడలేకపోయాను. కన్నకొడుకు ఒక షెడ్డు అడిగితే కంపచెట్ల కోసం కాదనమంటావా? సరే, అక్క కూతురివి, ఏడ్చావు. దీపావళి దాకా జేసీబీ రాదు. ఈలోగా ఆ కంపలో నా మిల్లుకు పనికొచ్చేది ఒక్కటంటే ఒక్కటి ఉందని నీ పిల్లలు చూపించాలి. చూపిస్తే ఆలోచిస్తాను. లేకపోతే పండగ మర్నాడే చదును.

ఇక నిర్వహణ అన్నావు. అది నాకు వదిలెయ్. ఇన్ని మిషన్లు, ఇంతమంది మనుషుల్ని నడిపినవాడికి నిలబడ్డచోటి నుంచి కదలని చెట్లను నడపడం ఒక లెక్కా? అన్నట్టు, పిల్లలు తలా ఒక జంతువో చెట్టో అవుతారని నువ్వు చెప్పావని మీ అత్త అంటోంది. స్థలం నాది కాబట్టి నాకేం ఇస్తారో అడుగు. సింహం అడగడం లేదు. వాళ్ళే ఇస్తే కాదనను.

మామ


ఎమ్మిగనూరు,
7 జూలై 2025

మామా,

మొన్న పిల్లలతో మీ మిల్లుకు రావడం ఎంత బాగా జరిగిందో! నువ్వు మార్కెట్ యార్డుకు పోయావట, చూడలేకపోయావు. పిల్లలు చెట్ల కింద బోర్లా పడుకుని రాలిన ఆకుల్ని పొరలు పొరలుగా తీసి చూశారు. పైన ఎండుటాకు, దాని కింద నానిన ఆకు, దాని కింద పొడి, ఆ పొడిలో పురుగులు. పల్లవి వేపచెట్టు అయింది. దావీదు అనే పిల్లవాడు చెదపురుగు కావాలని పోట్లాడి మరీ తీసుకున్నాడు.

నీ సంగతి కూడా తేల్చారు. అందరూ ఒకే మాట మీద నిన్ను పేడపురుగును చేశారు. చప్పట్లు కొట్టారు కూడా. ఎందుకో వివరంగా రాయాలని ఉంది గానీ రంగన్న బస్సు కదులుతోంది.

గాయత్రి


ఆదోని,
12 జూలై 2025

గాయత్రికి,

పేడపురుగు.

ఉత్తరం చదివింది నేను కాదు, మీ అత్త. కళ్ళద్దాలు కనపడక పైకి చదవమన్నాను. ఆ మాట దగ్గర ఆగిపోయి, వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. సాయంత్రం దాకా నాకు కాఫీ ఇచ్చినప్పుడల్లా నవ్వింది. స్థలం ఇచ్చినందుకు నాకు జరిగిన మర్యాద ఇది.

అయినా నేను మనసులో పెట్టుకోలేదు. అక్కడ పేడా చెత్తా ఉండబట్టే కదా పిల్లలకు ఆ ఆలోచన వచ్చింది? అందుకని మూలం నుంచే తీసేశాను. మిల్లులో ఊడ్చే సుంకమ్మను, ఇంకొందరిని పెట్టి స్థలమంతా శుభ్రంగా ఊడ్పించాను. ఒక్క ఎండుటాకు లేదు. పత్తిలో ఆకు ముక్క కనపడితే బస్తా వెనక్కి పంపే మనిషిని, నా స్థలంలో అంత ఆకు పడి ఉంటే నలుగురు ఏమనుకుంటారు? చెదపుట్టలు కొట్టించాను. పడిపోయిన మానును చీల్పించి హోటలువాళ్ళ పొయ్యికి పంపాను. చెట్ల మొదళ్ళకు సున్నం, పైన ఎర్ర గీత. వచ్చి చూడు, నిర్వహణ అంటే ఏమిటో తెలుస్తుంది.

మామ


ఎమ్మిగనూరు,
20 జూలై 2025

మామా,

నిన్న వచ్చి చూశాం. అడవి చూపిస్తానని తీసుకొచ్చి పిల్లలకు పెళ్ళివారి విడిది చూపించినట్టయింది. దావీదు కొట్టేసిన పుట్ట దగ్గర కూర్చుని, "నా పని పాయె మేడమ్, ఇంగ నేనేం తినేది?" అని ఏడ్చాడు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక ముందు ఏడ్చాను.

అది చెత్త కాదు మామా. అడవికి అదే తిండి. రాలిన ఆకును చెదలు, పురుగులు తింటాయి. వాటిని తొండ తింటుంది, తొండను ముంగిస తింటుంది. మిగిలింది మట్టయి మళ్ళీ చెట్టుకు పోతుంది. నేల మీద ఆ ఆకు దుప్పటి ఉంటేనే తడి నిలుస్తుంది. పేడపురుగు ఏం చేస్తుందో కూడా అప్పుడే రాయాల్సింది. ఊరందరూ కాలితో తప్పుకునే దాన్ని ఉండలు చేసి, దొర్లించి, నేలలో పాతి సారం చేస్తుంది. ఎవరికీ పనికిరాదన్న సరుకును పనికొచ్చేలా చేస్తుందని, అది నీలాంటి వ్యాపారి పనేనని పిల్లలు నీకు ఇచ్చారు. అది సన్మానం!

దీపావళికి ఇంక మూడు నెలలే ఉంది. ఊడ్చిన నేలలో నీకు పనికొచ్చేది ఏం చూపించను? నాకు నీ మీద నిజంగానే కోపంగా ఉంది.

గాయత్రి


ఆదోని,
25 జూలై 2025

గాయత్రికి,

సన్మానమైతే శాలువా కప్పి చెప్పాలి. సరే, అయిపోయింది.

ఊడ్చిన ఆకు తిరిగి పోయమంటే ఎక్కడి నుంచి తేను? తగలబెట్టేశాం. పిల్లవాడు ఏడ్చాడని రాశావు, ఆ మాటకు నాకు రాత్రి ముద్ద దిగలేదు. అందుకని ఇంకో రకంగా సరిచేస్తున్నాను. మీవాళ్ళు పోయేటప్పుడు "ఈ అడవిలో పెద్ద జంతువే లేదు" అనుకుంటూ పోయారని సుంకమ్మ చెప్పింది. వచ్చే శనివారం మీరు వచ్చేసరికి పులి ఉంటుంది. మాట్లాడేశాను. తిండి మనమే పెట్టాలి. దగ్గరికి పోయి ముట్టుకున్నా ఏమీ అనదట. పిల్లలకు చెప్పకు, ఒక్కసారిగా చూసి సంతోషపడాలి.

మామ


ఎమ్మిగనూరు,
26 జూలై 2025

మామా, నీకు దణ్ణం పెడతాను, పులి వద్దు!

ఎవరి దగ్గర మాట్లాడావు? సర్కసువాళ్ళా? పులిని ఉంచుకోవడం నేరం. పిల్లపులైనా నేరమే. నిన్ను పట్టుకుపోతే అత్తకు నేనేం చెప్పాలి? అది వచ్చేసి ఉంటే దగ్గరికి పోకుండా అటవీశాఖకు ఫోను చెయ్. వాళ్ళకు మాత్రం ఉత్తరం రాస్తూ కూర్చోకు. రంగన్నను పరిగెత్తమన్నాను.

గాయత్రి


ఆదోని,
27 జూలై 2025

గాయత్రికి,

పులి పేరు మాదన్న. పీర్ల పండగకు ఏటా పులివేషం కడతాడు. చిన్నప్పుడు నువ్వు నా భుజాలెక్కి చూసింది అతన్నే. వేషం సంగతి మాట్లాడుకోవడానికి ఇవాళ ఇక్కడే ఉన్నాడు, నీ ఉత్తరం చదివి వినిపించాను. "నేను నేరమా సామీ?" అని బాధపడ్డాడు. క్షమాపణ చెప్పుకోవాల్సింది నువ్వు.

ఒక్కటే చిక్కు. "డప్పు లేకుంటే పులి యాడన్నా ఎగురుతాదా?" అంటున్నాడు. డప్పులవాళ్ళను కూడా పిలిచాను.

మామ


ఎమ్మిగనూరు,
4 ఆగస్టు 2025

మామా,

మొన్న నువ్వు సగంలో ఇంట్లోకి పరిగెత్తావు, తలుపు వేసుకున్నావు, మేం బస్సెక్కేదాకా తీయలేదు. అందుకని మొదటి నుంచీ రాస్తాను.

నువ్వు తగలబెట్టిన ఆకు బదులు పిల్లలే ఆకు తెచ్చారు. చేల గట్ల మీద, దొడ్లలో, బడి వెనక ఏరి, పాత గోతాల్లో తొక్కి నింపారు. కండక్టరు గోతం విప్పి చూసి, "ఇదేమి మేడమ్, మా బస్సు సెత్తబండి మాదిరి కనపడతాందా?" అన్నాడు. పల్లవి లేచి ఆకు, పురుగు, తొండ, ముంగిస అని మొదలుపెట్టి కోటేకల్లు దాటేదాకా ఆపలేదు. ఆయన చేతులు జోడించి, "సాలమ్మా, పెట్టుకో" అన్నాడు.

మిల్లు గేటు దగ్గర గోతాలు దించగానే నువ్వు వచ్చావు. గోతం కనపడితే నీ చెయ్యి ఊరుకోదు కదా! పత్తి నాణ్యం చూసినట్టు మోచేతి దాకా లోపలికి పెట్టి పిడికిలి తీశావు. పిడికిట్లో రోకలిబండ ఉంది మామా, అంటే ఆ ఎర్రటి పురుగు, ముట్టుకుంటే చుట్ట చుట్టుకునేది. అది కుట్టదు. నువ్వు వేసిన కేకకు డప్పులవాళ్ళు అదే సైగ అనుకుని మొదలుపెట్టారు, మాదన్న చెట్టు చాటు నుంచి ఎగిరి దూకాడు, ఉన్న నాలుగు పిట్టలూ లేచిపోయాయి.

పిల్లలకు మాత్రం మంచి పాఠమే అయింది. దావీదు పులి ముందు నిలబడి, "నువ్వేం తింటావు?" అని అడిగాడు. మాదన్న, "బిర్యానీ పెడతామన్నారప్పా" అన్నాడు. అది లెక్కలోకి రాదన్నారు పిల్లలు. ఈ స్థలంలో జింకల్లేవు, పందుల్లేవు, ఒక పులికి ఎంతో పెద్ద అడవి కావాలి, కాబట్టి ఇక్కడ ఉంటే అది ముందు మల్లికార్జునయ్య తాతను తింటుందని తేల్చారు. మాదన్న నొచ్చుకున్నాడు.

తెచ్చిన ఆకు మిల్లు వెనక ఎడమవైపు చెట్ల కిందికి మాత్రమే సరిపోయింది. పరిచేసి వచ్చాం. దయచేసి చీపురు దూరంగా పెట్టు.

గాయత్రి

తా.క.: మాదన్నకు క్షమాపణ చెప్పాను.


ఆదోని,
9 అక్టోబరు 2025

గాయత్రికి,

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం ఆ పురుగు కాదు. పత్తి సీజను.

మొన్న కురిసిన వాన నీకూ తెలుసు. వాకిట్లో పత్తి కుప్పలున్నాయి. పట్టలు కప్పాం, పైనుంచి భయం లేదు. నీళ్ళు వెనక నుంచి వచ్చాయి. నేను నున్నగా ఊడ్పించిన కుడివైపు నేల మీద ఒక్క చుక్క ఇంకలేదు. అంతా ఎర్రగా బురదతో పారి వచ్చి కుడివైపు కుప్పల కిందికి దూరింది. ఆకాష్ నడుం లోతు పత్తిలో నిలబడి దాన్ని పక్కకు ఎత్తిపోయించాడు. ఎడమవైపు కుప్పలు తడవలేదు. నేను గొడుగేసుకుని వెళ్ళి చూశాను. అదే వాన, అదే వాలు. మీ పిల్లలు ఆకు పరిచిన చోట నీళ్ళు నిలిచి, మెల్లగా లోపలికి పోతున్నాయి. చెప్పు తీసి కాలు పెడితే మెత్తగా దిగింది.

ఈ సంగతి ఆకాష్‌కు చెబితే, "గోడౌను ఉండుంటే రెండువైపులా తడిసేది కాదు నాయనా" అన్నాడు. వాడి మాటా నిజమే. జేసీబీకి అప్పుడే చెప్పేసి ఉన్నాం. నాకేమీ తోచడం లేదు. పిల్లల నిర్వహణ ఏమిటో కాగితం మీద రాసి పంపమను.

మామ


ఎమ్మిగనూరు,
13 అక్టోబరు 2025

మామా,

నీ ఉత్తరం తరగతిలో చదివాను. కాలు మెత్తగా దిగింది అన్న దగ్గర పిల్లలు బల్లలు చరిచారు.

వాళ్ళ నిర్ణయం ఇది. ఆకు ఊడ్వకూడదు. పడిన మాను తీయకూడదు. దారి ఒక్కటే ఉండాలి. మిల్లువైపు వాలుకు అడ్డంగా గట్టు వేయాలి. కంప మొత్తం కొట్టేయాలి.

గాయత్రి


ఆదోని,
23 అక్టోబరు 2025

గాయత్రికి,

నిన్ను ఇలా అనుకోలేదు.

పండగ మర్నాడు పొద్దున్నే జేసీబీ వచ్చింది. నేను అంతకుముందే అక్కడ ఉన్నాను. వాన పడ్డ రోజు నుంచి పొద్దున అక్కడే తిరుగుతున్నాను, అది నీకు రాయలేదు. ఒక కంపచెట్టులో గువ్వ గూడు పెట్టింది. ముళ్ళలో పెడితే పిల్లి రాలేదట, తెలివైంది. డ్రైవరు, "యాడ నుంచి మొదలుపెట్టాల సామీ?" అన్నాడు. నేను బండి ముందుకు పోయి నిలబడ్డాను. ఆకాష్ వచ్చి, "పక్కకు రా నాయనా, నలుగురూ చూస్తాండారు" అన్నాడు. చూడనీలే అన్నాను. ఆ బండి వెనక్కి పోయేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఇంతా చేసి ఇంటికి వచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీసి నిదానంగా చదివితే, కంప మొత్తం కొట్టేయాలి అని ఉంది! నువ్వూ, జేసీబీవాడూ ఒకటేనా? ఒక్క కొమ్మ కొట్టనివ్వను. మీ పిల్లలు అడవిని చూసుకుంటామని చెప్పి నరకడం నేర్చుకుంటున్నారా?

మామ


ఎమ్మిగనూరు,
27 అక్టోబరు 2025

మామా,

నువ్వు బండి ముందు నిలబడ్డావని చదివి నేను బడి వరండాలోనే ఏడ్చేశాను. ఈసారి ఏడుపు కోపంతో కాదు.

కానీ కంప సంగతి విను. అది మన నేల చెట్టు కాదు, ఎక్కడి నుంచో తెచ్చి చల్లింది. ఎవరూ నీళ్ళు పోయకపోయినా పెరుగుతుంది, పక్కనున్నదాన్ని పెరగనివ్వదు. పిల్లలు కంప కింద ఎంత వెతికినా ఒక్క వేప మొలక దొరకలేదు. పక్కనే సీతాఫలం కింద బోలెడు మొలకలున్నాయి. అలా వదిలేస్తే ఇంకొన్నాళ్ళకు అక్కడ అడవి ఉండదు, కంపే ఉంటుంది. చూసుకోవడమంటే అన్నీ ఉంచడం కాదు మామా. ఏది పోతే మిగతావి బతుకుతాయో తెలుసుకుని, దాన్ని చూసి చూసి తీయడం. జేసీబీ అన్నిటినీ తీస్తుంది, మేం ఒక్కదాన్నే, అదీ కొంచెం కొంచెంగా తీస్తాం. మొత్తం అని ఒక్క ముక్కలో రాసింది నా తొందర. గువ్వ పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్టు జోలికి రాము.

రమ్మంటే వస్తాం. వద్దంటే నీ స్థలం, నీ ఇష్టం.

గాయత్రి


ఆదోని,
2 నవంబరు 2025

గాయత్రికి, నీ పిల్లలందరికీ,

నీ ఉత్తరం పట్టుకుని కంప కిందికి పోయి వంగి వెతికాను. మొలక లేదు. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే సుంకమ్మ లేపింది.

వచ్చే శనివారం రండి. కొట్టడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టాను, పిల్లల చేతికి గొడ్డలి ఇవ్వొద్దు. గూడున్న చెట్టుకు మీ అత్త తన పాత చీర అంచు చింపి కట్టింది, గుర్తుపట్టండి. మధ్యాహ్నం అందరికీ ఉగ్గాని, బజ్జీ. నేను మాత్రం ఉండను. ఆ రోజు తెల్లవారుజాము బస్సుకు మంత్రాలయం పోతున్నాను. మీరు చేసేది మంచి పనేనని తెలుసు, అయినా గొడ్డలి చప్పుడు వినలేను.

ఆకాష్ నిన్న వచ్చి, "మరి గోడౌను యాడ కట్టేది నాయనా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదనుకున్నాడు పాపం. రోడ్డువైపు నా ఆఫీసు గది పడగొట్టి కట్టుకో అన్నాను. మా నాయన కూర్చున్న గది, ఎట్లా పడగొడతావన్నాడు. నేను వెనక వేపచెట్టు కింద కుర్చీ వేయించుకున్నాను. బేరానికి వచ్చినవాళ్ళను అక్కడికే పంపమన్నాను, ఆకు తొక్కకుండా దారి వెంట నడిచి రమ్మన్నాను.

మీ మామ,
మల్లికార్జునయ్య